పులి కంటే ముందు దండు: ‘ప్రే’ అనే ఇంగ్లీషు క్రియకు అర్థాలు ఎలా పేరుకున్నాయి

సైబర్ నేరగాళ్ళు ముసలివాళ్ళ మీద ‘ప్రే’ చేస్తున్నారని ఇంగ్లీషు వార్తల్లో తరచూ ఒక వాక్యం కనబడుతుంది. దాన్ని తెలుగు చేసే మనిషి నిఘంటువు తెరుస్తాడు, ‘వేటాడు’ అని ఉంటుంది. అయిదు నిమిషాల్లో ‘వృద్ధులపై వేటాడుతున్న సైబర్ ముఠాలు’ అని శీర్షిక సిద్ధం.

ఆ శీర్షికలో రెండు తప్పులున్నాయి. మొదటిది వ్యాకరణంలో. పులి జింకను వేటాడుతుంది గాని జింకపై వేటాడదు. అక్కడ ‘పై’ అన్నది ఇంగ్లీషు ‘ఆన్’ను ఉన్నదున్నట్టు మోసుకురావడం వల్ల వచ్చింది. రెండో తప్పు అర్థంలో. వేటాడటం అంటే తరమడం, వెతకడం, మాటు వేయడం. వేట దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. పోలీసులు దొంగను వేటాడి పట్టుకున్నారంటే మెచ్చుకుంటాం. ‘ప్రే’లో ఆ మెచ్చుకోలు ఎప్పుడూ లేదు. ఎదుటివాడి మీద పడి, వాడికున్నది గుంజుకుని, దాని మీద బతకడం ఆ మాట మోసే భావం. దీనికి కారణం ఆ క్రియ పుట్టిన చోటులోనే ఉంది. అది అడవిలో పుట్టలేదు. దండు దిగిన ఊళ్ళో పుట్టింది.

ముందు అక్షరాల చిక్కు విప్పుకోవాలి. తెలుగు లిపిలో రాస్తే రెండు ఇంగ్లీషు మాటలు ఒకటైపోతాయి. పి, ఆర్, ఎ, వై అని రాసే ‘ప్రే’ అంటే ప్రార్థించడం. పి, ఆర్, ఇ, వై అని రాసే ‘ప్రే’ గురించే ఈ వ్యాసమంతా. వినడానికి రెండూ ఒకటే, వంశాలు మాత్రం వేరు. ప్రార్థన ‘ప్రే’ లాటిన్ ‘ప్రెకారి’ నుంచి వచ్చింది. అడగడం అనే అర్థమున్న ఒక ప్రాచీన ధాతువు దాని మూలం. మన ‘ప్రశ్న’ కూడా సంస్కృతం ద్వారా ఆ ధాతువు నుంచే వచ్చింది. కాబట్టి గుళ్ళో చేసే ‘ప్రేయర్’కూ పరీక్ష పేపర్లోని ప్రశ్నకూ చుట్టరికం ఉంది. దోచుకునే ‘ప్రే’కు ఈ ఇంటితో ఏ సంబంధమూ లేదు.

రోమన్ల లెక్కలో ‘ప్రైదా’

దోపిడీ ‘ప్రే’కు మూలం లాటిన్ నామవాచకం ‘ప్రైదా’. యుద్ధంలో చేజిక్కిన సొత్తు అని దాని ముఖ్యార్థం. సరుకులు, పశువులు, మనుషులు, ఏదైనా సరే. వేటలో చిక్కిన జంతువును కూడా రోమన్ కవులు ఆ మాటతోనే పిలిచారు. అంతకు ముందరి రూపం ‘ప్రైహెదా’. పట్టుకోవడం అనే అర్థమున్న ‘ప్రెహెండెరె’కు అది దగ్గరి బంధువు.

ఈ సొత్తు కోసం రోమన్ సైన్యం ఇష్టం వచ్చినట్టు ఎగబడేది కాదు. దానికో పద్ధతి ఉండేది. క్రీ.పూ. 209లో రోమన్ సేనాని స్కిపియో న్యూ కార్తేజ్‌ను, అంటే నేటి స్పెయిన్‌లోని కార్తహేనాను పట్టుకున్నప్పుడు జరిగిన పంపకాన్ని గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్ వివరంగా రాశాడు. సైన్యంలో సగానికి మించి ఎవరూ దోపిడీకి వెళ్ళరు. మిగతావాళ్ళు ఆయుధాలతో కాపలా ఉంటారు. దోచినవాడు తనకు దొరికింది తన లీజియన్ (సైనిక దళం) దగ్గరికి తెచ్చి పడేయాలి. దాన్ని అమ్మాక వచ్చిన డబ్బును సైనికాధికారులు అందరికీ సమానంగా పంచుతారు. కాపలా ఉన్నవాడికీ, గుడారంలో జబ్బుతో పడుకున్నవాడికీ, వేరే పని మీద పంపినవాడికీ వాటా ఉంటుంది. సొత్తులో ఏదీ దాచుకోనని ప్రతివాడూ ముందే ప్రమాణం చేసి ఉంటాడు. పంపకం న్యాయంగా జరుగుతుందన్న నమ్మకం లేకపోతే కాపలా వాడు కూడా దోపిడీకి పరుగెడతాడు, అప్పుడు శత్రువు తిరగబడితే అందరూ చస్తారు. ఈ ఏర్పాటంతా ఆ భయం వల్లనే. ‘ప్రైదా’ అన్న మాట వెనుక కోపంతో ఊగిపోయే మృగం లేదు, లెక్క రాసుకునే సైన్యం ఉంది. ఆ సొత్తు నుంచి పుట్టిన క్రియ ‘ప్రైదారి’కి దోచుకోవడం అనే అర్థం.

‘ప్రెహెండెరె’ సంతానం ఇంగ్లీషులో చాలా ఉంది. పట్టి ఉంచే చోటు ప్రిజన్. ఉన్నట్టుండి మీద పడితే సర్‌ప్రైజ్. సముద్రంలో పట్టుకున్న శత్రువుల ఓడ ప్రైజ్. పోటీలో గెలిచే ప్రైజ్ మాత్రం వేరే మాట, అది ‘ధర’ వైపు నుంచి వచ్చింది. మనసుతో పట్టుకుంటే కాంప్రెహెండ్. ఈ చివరిదాన్ని తెలుగువాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. ‘గ్రహించు’ అన్నా పట్టుకోవడమే, ‘విషయం పట్టాడు’ అన్నా పట్టుకోవడమే. విరాట పర్వంలో కౌరవులు విరాటుడి ఆలమందలను తోలుకుపోయిన ఘట్టానికి ‘గోగ్రహణం’ అని పేరు. ఆ మందలు అచ్చమైన ‘ప్రైదా’. ఆ ‘గ్రహణ’మే అర్థం చేసుకోవడానికీ సూర్యుణ్ణి రాహువు పట్టడానికీ కూడా వాడతాం. చేత్తో పట్టుకోవడం అన్న ఒకే చేష్ట నుంచి దోపిడీ, జ్ఞానం రెండూ మొలవడం లాటిన్‌లోనూ జరిగింది, సంస్కృతంలోనూ జరిగింది.

ఇంగ్లీషులోకి వచ్చిన వరస

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు అక్కడి భాషలోకి గుంపులుగా వచ్చాయి. ‘ప్రైదా’ ఫ్రెంచిలో ‘ప్రెయె’ అయింది, 13వ శతాబ్దం మధ్యకల్లా ఇంగ్లీషులో నామవాచకంగా కనబడుతుంది. వేటలో చిక్కిన జంతువు, యుద్ధంలో చిక్కిన సొత్తు అని రెండర్థాలూ దానికి ఫ్రెంచి నుంచే అబ్బాయి. అందువల్ల నామవాచకం విషయంలో ఏది ముందు అన్న వాదన పెద్దగా నిలవదు.

క్రియ సంగతి వేరు. 1300 ప్రాంతంలో అది తొలిసారి రాతలో దొరికినప్పుడు దాని అర్థం కొల్లగొట్టడం, ఊళ్ళు పాడు చేయడం. చంపి తినడం అన్న అర్థం 14వ శతాబ్దం మధ్యలో, అంటే దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత కనబడుతుంది. మనుషులు చేసే పనికి పుట్టిన క్రియను తర్వాత మృగాలకు అంటగట్టారన్నమాట. మనం ఇవాళ దోపిడీదారును ‘మృగంలా’ అంటాం. ఈ క్రియ చరిత్రలో పోలిక ఎదురు దిక్కున నడిచింది: తోడేలే దండులా ప్రవర్తించింది.

ఆ కాలపు వాడుకను నేటి వాడుక నుంచి వేరు చేసే గుర్తు ఒకటుంది. పాత క్రియ నేరుగా కర్మను పట్టుకునేది. ‘సైన్యం దేశాన్ని ప్రే చేసింది’ అన్నట్టు రాసేవారు, మధ్యలో ‘ఆన్’ గాని ‘అపాన్’ గాని అవసరం లేదు. ఇవాళ అలా రాస్తే తప్పు. ‘ఆన్’ లేకుండా ఈ క్రియ నిలబడదు. ఈ మార్పు చిన్నదేమీ కాదు. నేరుగా కర్మను పట్టినప్పుడు అది ఒక్కసారి జరిగే పని: దండు వచ్చింది, దోచింది, పోయింది. ‘ఆన్’ చేరాక అది బతుకుతెరువు అయింది. గడ్డి మీద బతికే పశువుకూ, జీతం మీద బతికే మనిషికీ ఇంగ్లీషు ఆ ‘ఆన్’నే వాడుతుంది. దోపిడీ ఒక సంఘటనగా ఉండటం మానేసి అలవాటుగా మారిన తీరు ఆ చిన్న విభక్తిలో కనబడుతుంది.

పాత అర్థం చాలాకాలం నిలిచిన చోటు ఐర్లండ్. అక్కడ ఆస్తి అంటే ఆవులు. శత్రువు ప్రాంతం మీద పడి మందలను తోలుకురావడాన్ని ఐరిష్ భాషలో ‘క్రెఖ్’ అంటారు. ఇంగ్లీషులో రాసేవాళ్ళు దాన్ని ‘ప్రే’ అన్నారు. 19వ శతాబ్దంలో ఐరిష్ వార్షిక చరిత్రలను ఇంగ్లీషు చేసినప్పుడు కూడా ఫలానా రాజు ఫలానా ప్రాంతాన్ని ‘ప్రే’ చేసి కాల్చాడని అదే మాట వాడారు. అది చదివి వేట గురించి రాశారనుకుంటే మొత్తం చరిత్రే తప్పుగా అర్థమవుతుంది. ఊరి ఆవుల కోసం పోరాడి చచ్చిన వీరులకు వీరగల్లులు నిలిపిన రాయలసీమ పల్లెలు ఈ అర్థాన్ని ఇట్టే పట్టుకుంటాయి.

ముప్పై రెండు వేలమంది మనుషులూ ‘ప్రే’లోనే

1611 నాటి ఇంగ్లీషు బైబిల్ చదివేవాళ్ళు ఈ మాట దగ్గర ఇప్పటికీ తడబడతారు. సంఖ్యాకాండం 31వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులకు మిద్యానీయులతో యుద్ధం ముగిశాక చిక్కిన ‘ప్రే’ లెక్క ఉంది: గొర్రెలు 6,75,000, ఎడ్లు 72,000, గాడిదలు 61,000, మగవాణ్ణి ఎరగని స్త్రీలు 32,000. దాన్ని సగం చేసి యుద్ధానికి వెళ్ళినవాళ్ళకు ఒక వాటా, ఇంటి దగ్గరున్న సమాజానికి ఒక వాటా ఇచ్చారు. సైనికుల సగంలో అయిదు వందలకు ఒకటి చొప్పున దేవుడి పన్ను. అంటే 3,37,500 గొర్రెల్లో 675, 36,000 ఎడ్లలో 72, 16,000 మంది మనుషుల్లో 32 మంది. సమాజం సగంలో యాభైకి ఒకటి దేవుడి సేవ చూసే లేవీయులకు. మనుషులకూ గొర్రెలకూ ఒకే కొలత పెట్టిన ఈ పట్టికను చదివాక ‘ప్రే’ అంటే ఏమిటో మళ్ళీ మర్చిపోలేం. అక్కడ ఎవరినీ ఎవరూ తినలేదు.

దీని కంటే చిక్కైనది యిర్మీయా 21:9. ముట్టడిలో ఉన్న యెరూషలేం నగరంలో ఉండిపోయినవాడు చస్తాడు, బయటికి వెళ్ళి కల్దీయులకు, అంటే ముట్టడించిన బబులోను సైన్యానికి, లొంగినవాడు బతుకుతాడు, వాడి ప్రాణం వాడికి ‘ప్రే’ అవుతుంది అని ఇంగ్లీషు వాక్యం. నేటి అర్థంతో చదివితే ప్రాణం దేనికో ఆహారమైందని తోస్తుంది, వాక్యం తలకిందులవుతుంది. అసలు భావం: ఓడిపోయిన యుద్ధం నుంచి వాడు ఇంటికి తెచ్చుకోగలిగిన ఒకే ఒక్క కొల్లసొమ్ము వాడి ప్రాణం. తెలుగు బైబిల్ ఇక్కడ ‘దోపుడు సొమ్ము’ అంటుంది. ఇంగ్లీషు పాఠకుడికి వివరణ అవసరమైన చోట తెలుగు పాఠకుడికి అది సూటిగా అందుతుంది.

గద్దలకు పెట్టిన దొంగల పేర్లు

మనిషి దోపిడీకి పుట్టిన మాట జంతువుకు అతుక్కోవడం ఈ ఒక్క క్రియకే జరిగి ఉంటే యాదృచ్ఛికం అనుకోవచ్చు. పక్కనే మరికొన్ని ఉన్నాయి. గద్దలు, డేగలు, గరుడ పక్షులకు ఇంగ్లీషులో ‘రాప్టర్’ అని పేరు. లాటిన్‌లో ఆ మాటకు బలవంతంగా గుంజుకుపోయేవాడు అని అర్థం. చలికాలంలో నంద్యాల జిల్లా రోళ్ళపాడు గడ్డిమైదానాల మీదికి వలస వచ్చే పిల్లిగద్దలను ఇంగ్లీషులో ‘హారియర్’ అంటారు. నేలకు కాస్త ఎత్తులో, గడ్డి మీదుగా అటూ ఇటూ ఈదుతున్నట్టు తిరుగుతూ మిడతలనూ చిన్న పిట్టలనూ పట్టుకుంటాయి. వాటి పేరు ‘హారీ’ అనే క్రియ నుంచి వచ్చింది. పాత ఇంగ్లీషులో దాని అర్థం సైన్యంతో వచ్చి ఊళ్ళు పాడు చేయడం, ‘సైన్యం’ అనే మాట నుంచే ఆ క్రియ పుట్టింది.

మన అడవుల్లో బ్రిటిష్ షికారీలు పులులను మూడు రకాలుగా విడదీసేవారు: అడవి జంతువులను తినేవి, పశువుల మీద పడేవి, మనుషులను తినేవి. రెండో రకాన్ని వాళ్ళు ‘క్యాటిల్ లిఫ్టర్’ అన్నారు. అది స్కాట్లండ్ సరిహద్దుల్లో పశువుల దొంగకు పెట్టిన పేరు. దొంగతనం లేని అడవిలో పులికి దొంగ పేరు వచ్చిందంటే, ఆవు ఒకరి ఆస్తి కాబట్టే. జింకను తింటే ఆకలి, ఆవును తింటే నేరం. ఈ చూపు ‘ప్రే’ క్రియలో మొదటినుంచీ ఉంది.

పిండారీలు, ప్రైజ్ మనీ

‘ప్రే’కు విశేషణం ‘ప్రెడేటరీ’. ఇవాళ ఇది వినగానే సింహం గుర్తొస్తుంది గాని, 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దోపిడీకి సంబంధించినది అనే దాని అర్థం. ఈస్టిండియా కంపెనీ అధికారులు దాన్ని ఆ పాత అర్థంలోనే వాడారు. వాళ్ళ కాగితాల్లో పిండారీలు, అంటే గుర్రాల మీద వచ్చి ఊళ్ళు దోచే ముఠాలు, ‘ప్రెడేటరీ’ గుంపులు.

1816లో పిండారీ గుర్రపు దళాలు ఉత్తర సర్కారుల్లో దిగి గుంటూరు ప్రాంతాన్ని ఊపిరి తిప్పుకోనివ్వలేదు. కంపెనీ లెక్కల ప్రకారం పన్నెండు రోజులు నిండకుండానే 339 గ్రామాలు దోపిడీకి గురయ్యాయి, 182 మంది చనిపోయారు, 505 మంది గాయపడ్డారు, 3,600 మందికి పైగా చిత్రహింసలు అనుభవించారు. దాచిన సొత్తు ఎక్కడుందో చెప్పించడానికే ఆ చిత్రహింసలు. 1300 నాటి ఇంగ్లీషువాడు దీన్ని చూసి ఉంటే సరిగ్గా ఈ క్రియనే వాడేవాడు.

ఆ పిండారీలను అణచడానికని 1817లో మొదలుపెట్టిన యుద్ధం మరాఠా రాజ్యాల మీదికి పాకింది. అందులో కంపెనీ సైన్యాలకు చిక్కిన సొత్తు పేరు ‘డెక్కన్ ప్రైజ్ మనీ’. దాని పంపకం మీద లండన్‌లో ఏళ్ళ తరబడి వివాదం నడిచింది. ‘ప్రెడేటరీ’, ‘ప్రైజ్’ రెండూ పట్టుకోవడం అనే ఒకే ధాతువు బిడ్డలు. ఒకటి గుర్రం మీద వచ్చినవాడి నేరం పేరయింది, ఇంకొకటి యూనిఫారం వేసుకున్నవాడి హక్కు పేరయింది. చరిత్ర పుస్తకాన్ని అనువదించేటప్పుడు మొదటిదాన్ని ‘దోపిడీ’ అనీ రెండోదాన్ని ‘బహుమతి సొమ్ము’ అనీ రాస్తే ఈ పక్షపాతాన్ని మనమూ మోసినట్టే. రెండోది ‘కొల్లసొమ్ము’ అనడమే నిజాయితీ.

మనిషి మీద బతికే మనిషి

దోపిడీ నుంచి ‘పీడించి బతకడం’ అన్న అర్థానికి క్రియ ఎప్పుడో చేరిపోయింది. 1598లో అచ్చయిన షేక్స్‌పియర్ నాటకం, నాలుగో హెన్రీ మొదటి భాగంలో, ఒక దారిదోపిడీ దొంగ పెద్దమనుషుల గురించి చెప్పే మాట దీనికి సాక్ష్యం. వాళ్ళు తమ దేవత అయిన ప్రజారాజ్యానికి ‘ప్రే’ చేస్తుంటారు అని మొదలుపెట్టి, అబ్బే, దేవతకు ‘ప్రే’ చేయడం కాదు, దేవత మీద ‘ప్రే’ చేయడం అంటాడు. ఉచ్చారణ ఒకటే, రెండు వ్యతిరేకార్థాలు. వాళ్ళు ఆమె మీదెక్కి స్వారీ చేస్తూ ఆమెను తమ ‘బూట్స్’ చేసుకున్నారని ముగిస్తాడు. కాలి బూటుకూ, కొల్లసొమ్ము ‘బూటీ’కీ అక్కడ శ్లేష. జనం సొమ్ము మీద బతకడం అనే నేటి అర్థం ఇందులో పూర్తిగా ఉంది. అదే శ్లేష మరోలా ఇవాళ్టికీ తప్పు చేయిస్తోంది: ముందుకాళ్ళు మడిచి దణ్ణం పెడుతున్నట్టు నిలబడే మాంటిస్ పురుగు పేరులో ఉన్నది ప్రార్థన ‘ప్రే’. అది వేటాడే పురుగు కాబట్టి చాలామంది ‘ఇ’ పెట్టి రాస్తారు. ‘మాంటిస్’కు గ్రీకులో జోస్యం చెప్పేవాడు అని అర్థం, కాబట్టి ‘ఎ’ పెట్టడమే సరైనది.

జీవశాస్త్రం ఈ మాటలను తీసుకుని నేరపు వాసన కడిగేసింది. దోపిడీ అనే అర్థంతో 15వ శతాబ్దం నుంచే ఉన్న ‘ప్రెడేషన్’కు ఒక జీవి మరో జీవిని తినడం అన్న శాస్త్రీయార్థం 20వ శతాబ్దంలోనే స్థిరపడింది. ఆ కడిగిన మాట తిరిగి మనుషుల మీదికి వచ్చేటప్పుడు సింహం బొమ్మను వెంట తెచ్చుకుంది. అందుకే నేటి పాఠకుడికి ఇది అడవి నుంచి ఊళ్ళోకి వచ్చిన మాటలా కనబడుతుంది.

బ్యాంకింగ్‌లో ‘ప్రెడేటరీ లెండింగ్’ అనేదాన్ని దగ్గరగా చూస్తే పాత అర్థం ఎంత సజీవంగా ఉందో తెలుస్తుంది. ఒక ఉదాహరణ వేద్దాం. పదివేలు అప్పు, ‘15 శాతం ఫ్లాట్ వడ్డీ’, వారానికి 230 రూపాయల చొప్పున 50 వారాలు. మొత్తం కట్టేది 11,500. పదివేలకు పదిహేను వందలే కదా, పదిహేను శాతమే కదా అనిపిస్తుంది. కానీ పదివేలూ ఏడాదంతా చేతిలో ఉండవు. మొదటి వారం నుంచే అసలు తరుగుతూ పోతుంది, వడ్డీ మాత్రం మొదటి రోజు పదివేల మీదే లెక్క కట్టారు. తగ్గే అసలు మీద లెక్కిస్తే ఏడాదికి దాదాపు 29 శాతం పడుతుంది. ఆ తేడా లెక్కించలేనివాళ్ళనే వెతికి అప్పివ్వడం, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు అంటగట్టడం, కంతు తప్పితే ఇంటి ముందు కూర్చోవడం, వీటన్నిటికీ కలిపి ఆ పేరు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత దాన్ని చట్టం చేసినప్పుడు పెట్టిన నిబంధనలు సరిగ్గా ఈ చోట్ల చెయ్యి వేశాయి: వారం కంతుల బదులు నెల కంతులు, వసూలుకు గ్రామ పంచాయతీ ఆఫీసు, అసలును మించి వడ్డీ వసూలు చేయకూడదు.

‘ప్రెడేటరీ ప్రైసింగ్’ దగ్గర అనువాదం తరచూ బోల్తా పడుతుంది. ‘దోపిడీ ధరలు’ అని రాసేస్తారు. తెలుగులో దోపిడీ ధర అంటే కొనేవాడి జేబు కొట్టే ఎక్కువ ధర. ఇంగ్లీషు పదం చెప్పేది సరిగ్గా దీనికి ఎదురు. 2002 నాటి మన పోటీ చట్టం 4వ సెక్షన్ ప్రకారం, పోటీని తగ్గించాలని గాని పోటీదారులను తుడిచిపెట్టాలని గాని ఉత్పత్తి ఖర్చు కంటే తక్కువకు అమ్మడం అది. దెబ్బ తినేది ముందు పక్క దుకాణం, కొనేవాడికి అప్పటికి లాభమే. ‘పోటీదారును మింగే చవక ధర’ అంటే పొడవైనా పాఠకుడు దారి తప్పడు.

తెలుగులో ఏ మాట ఎక్కడ

మన దగ్గర ఈ ఒక్క క్రియ చేసే పనులను చాలా మాటలు పంచుకున్నాయి. జంతువుల విషయంలో ‘గుడ్లగూబలు ఎలుకల్ని పట్టి తింటాయి’ అంటే సరిపోతుంది. పట్టడం, తినడం రెండూ అందులో ఉన్నాయి. నామవాచకానికి ‘ఎర’ ఉంది, కానీ జాగ్రత్త. పక్షి తన పిల్లలకు తెచ్చేదీ ఎరే, గాలానికి గుచ్చేదీ ఎరే. ‘వృద్ధులు వాళ్ళకు ఎర’ అంటే వృద్ధులను చూపించి ఇంకెవరినో పడుతున్నారన్న అర్థం వస్తుంది. ‘వేట’కూ ఇలాంటి మడతే ఉంది. కోస్తాలో వేట మాంసం అంటే మేక మాంసం, జాతరలో వేట అంటే బలి ఇచ్చే పోతు. వేటాడే పని పేరు చచ్చే జంతువుకు అంటుకుంది.

‘ఫాల్ ప్రే టు’ అన్న పలుకుబడికి ‘బలయ్యారు’ అనే మాట అలవాటైపోయింది. డబ్బు పోగొట్టుకున్నవాడు బలి కాలేదు, బతికే ఉన్నాడు. ‘మోసగాళ్ళ బారిన పడ్డారు’ అనొచ్చు. పులి విషయంలో ‘వాత పడ్డాడు’ అనే పాత మాట ఇంకా బాగుంటుంది. ‘వాయి’ అంటే నోరు, ‘వాత’ అంటే నోట్లో. జబ్బు అయితే ‘పాలయ్యాడు’. మనసు మీద చేసే ‘ప్రే’కు ‘తొలిచేస్తోంది’, అది పురుగు చేసే పని, పులి చేసేది కాదు. ఇంగ్లీషు కూడా ఇక్కడ ఉద్దేశించేది ఆ నిదానమైన కొరుకుడునే.

ఇక మొదటి శీర్షిక. మనిషి మనిషిని పీడించి బతకడానికి తెలుగు ఎప్పుడూ ‘తిను’నే ఆశ్రయించింది: పీక్కుతినడం, దోచుకుతినడం, కాల్చుకుతినడం. వీటిలో ‘కాల్చుకుతినడం’ వేధింపుకు నప్పుతుంది, అప్పులవాడికి సరిగ్గా సరిపోతుంది. ‘పీక్కుతినడం’లో రాబందు ఉంది, చేవ చచ్చినవాళ్ళ మీద పడటం ఉంది. ‘దోచుకుతినడం’లో 1300 నాటి దండూ, తర్వాత వచ్చిన మృగమూ రెండూ ఒకే మాటలో కలిసి ఉన్నాయి, ఇంగ్లీషు క్రియ ఏడు శతాబ్దాలు తిరిగి చేరిన చోటు అదే. ‘ముసలివాళ్ళను దోచుకుతింటున్న సైబర్ ముఠాలు’ అని రాస్తే శీర్షికలో ‘పై’ కూడా అక్కర్లేదు. ఒకే ఒక్కసారి ఫోన్ చేసి ఖాతా ఊడ్చి మాయమైన ముఠా అయితే, కోడిపిల్లను గద్ద ఏం చేస్తుందో ఆ మాట వాడాలి: ‘పెన్షన్ డబ్బు తన్నుకుపోయారు’.